పూలావిడ అడిగిన పోలిక

పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే బస్సులో, నేను టెన్త్ పిల్లల ఇంగ్లీషు నోట్సులు దిద్దుకుంటున్నాను. సొంతంగా ఒక సిమిలీ, అంటే పోలిక, రాయమంటే, నలభై మందీ గైడులో ఉన్న సింహాన్నే దించినారు. అన్ని సింహాల నడుమ నా ఎర్రపెన్ను జింకపిల్లలా వణికింది.

పక్కసీట్లో కనకాంబరాలు కడుతున్న పెద్దావిడ తొంగిచూసి, "ఏంది సార్, అన్నీ తప్పులేనా?" అనింది.

"పోలిక చెప్పడం రాదమ్మా వీళ్లకి. మూడు వారాలుగా చెప్తానే ఉండా."

ముందుసీట్లో మా క్లాసు భార్గవి కూర్చోనుంది. ఆవిడ ఆ పిల్ల భుజం తట్టి, "ఏమ్మే, ఈ బస్సు ఎట్ట పోతా ఉండాది?" అని అడిగింది.

"మా తాత చెప్పులు ఎతుక్కున్నట్టు పోతా ఉండాదవ్వా! ఆగతా, తడుముకుంటా!"

బస్సంతా నవ్వింది.

"సెప్పింది గదా సార్," అని ఆవిడ మళ్లీ పూలు కట్టడంలో పడింది.

మూడు వారాల్లో నేను రప్పించలేనిదాన్ని మూరెడు పూలు కట్టేలోపు రప్పించేసింది. నాకు కడుపు మండిపోయింది. గైడు రాసినవాడి మీద కూడా అంత మంట పుట్టలేదు.

ఇప్పుడు ఏటా ఆ పాఠం "బస్సు ఎట్ట పోతా ఉండాది?" అనే మొదలుపెడతాను. సార్ భలే ప్రశ్న కనిపెట్టినాడని పిల్లలు మెచ్చుకుంటారు. ఆవిడ సంగతి మాత్రం ఇంతవరకు వాళ్లకి చెప్పలేదు.