బొట్టు పెట్టుకున్న బఫింగ్ మిషను

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్న మగవాళ్లుంటారు. పిల్ల పేరు తప్పు పలికిన వాళ్లుంటారు. నేనైతే పిల్ల వాళ్ల అవ్వను కొద్దిలో పైకి పంపేసేవాణ్ని. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

మాది జార్జి టౌన్‌లో ఇత్తడి పాత్రల కొట్టు. వెనక గదిలో బల్లకు బిగించిన బఫింగ్ మిషను ఉంది. మోటారుకు రెండు పక్కలా గుడ్డ చక్రాలు. చక్రానికి పాలిష్ సోపు పట్టించి పాత్రను ఆనిస్తే అద్దంలా మెరుస్తుంది. అప్పుడే మెకానికల్ డిప్లొమా ముగించిన నేను, చప్పుడు వింటే చాలు మిషను జబ్బు చెప్పేస్తానని వీధంతా చాటుకుని తిరిగేవాణ్ని.

ఆయుధపూజ మరునాడు తొండియార్‌పేట నుంచి పెళ్లివారు వచ్చారు. పిల్ల వసంత, వాళ్ల నాయన, వాళ్ల అవ్వ. అబ్బాయి కొట్టు చూడాలని అవ్వే పట్టుబట్టిందట. ఆమె ఒళ్లో హంస బొమ్మ ఉన్న దీపపు సెమ్మె. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వాళ్లింట్లో తాంబూలాలు ఆ దీపం ముందే మార్చుకోవాలి. అన్నీ కుదిరితే మా తాంబూలాలు ఆ సాయంత్రమే.

"నల్లగా అయిపోయుండాది. రోంత మెరుపు తెప్పించు నాయనా," అంది అవ్వ.

"పనోళ్లు సెలవు. చింతపండేసి తోమిస్తాంలేమ్మా," అన్నాడు మా నాయన.

సరిగ్గా అప్పుడే వసంత నా వైపు చూసింది. ఇంకేముంది!

"చింతపండెందుకు నాయనా? మిషను మీద నేను చేస్తా!"

వినాశకాలే విపరీతబుద్ధి అంటారు. నాకా బుద్ధిని డిప్లొమాతో పాటే చేతికిచ్చినట్టున్నారు.

అందరూ వెనక గదిలోకి వచ్చారు. అవ్వ స్టూలు మీద కూర్చుంది. సెమ్మె పైనున్న హంసను మర తిప్పి ఊడదీసి, స్విచ్చి వేశాను. మిషను పూనకం వచ్చినట్టు ఊగింది. బల్ల మీది డబ్బాలు వాటంతటవే నడుచుకుంటూ వెళ్లి కిందికి దూకాయి.

"ఏంది అబ్బాయ్, ఇట్ల ఆడతా ఉండాది?"

"ఓల్టేజీ అవ్వా. పండగ కదా."

ఓల్టేజీకీ ఈ ఊపుకీ సంబంధం లేదని నాకూ తెలుసు. ఏదో ఒకటి చెప్పాలి కదండీ! ఆపి, బల్ల బోల్టులు బిగించి మళ్లీ వేశాను. అదే ఊపు.

"బేరింగు పోయుంటాది, ఆపరా," అన్నాడు నాయన.

"బేరింగు పోతే కీచుమంటాది నాయనా. దీనికి సోపు చాల్లేదు."

సోపు కడ్డీ సగం అరగదీసి హంసను ఆనించాను. మెరుపు మాట దేవుడెరుగు, పిల్లి గీరినట్టు ఒళ్లంతా గీతలు. వాటి మీద ఎర్రటి మరక!

"అయ్యయ్యో, రక్తమా?" అంది అవ్వ.

గబగబా వేళ్లు చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. వసంత వాళ్ల నాయన మొహం మాడిపోయింది. "మంచి పనికి వస్తే ఇదేం శకునం?" అని మెల్లగా గొణిగాడు. సంబంధం చెయ్యి జారిపోతోంది. అక్కడ ఆపితే నేను నేనెందుకవుతాను?

"ఒక్క నిమిషం మామా!" అని హంసను ఇంకా గట్టిగా అదిమాను.

చక్రం నా చేతిలోంచి హంసను లాగేసుకుంది. అది అవ్వ చెవి పక్కగా బుయ్యిమని దూసుకెళ్లి, గోడను గుద్ది, కింద ఉన్న గంగాళంలో పడింది. గదంతా ఖంగుమంది.

అవ్వ చెవి తడుముకుంది. దేవుడి దయ, చెవి ఉంది.

నేను స్విచ్చి ఆపాను. వసంత వంగి చక్రాన్ని చూసింది. "ఇదేంది, ఈడ ఒక పక్కే గట్టిగా అతుక్కోనుండాది?"

మా నాయన గోటితో గీకి వాసన చూశాడు. "చందనం! కుంకం కూడా! ఎవుడ్రా చక్రానికి బొట్టు పెట్టింది?"

ఏటా పూజకు ఆయన మోటారు మీద శెనగగింజంత బొట్టు పెడతాడు. ఆ ఏడు నేను పెడతానని చందనం గిన్నె లాక్కున్నాను. భక్తి పొంగి, గుడ్డ చక్రానికి ఒక పక్క దోసెంత పట్టించాను. అది రాత్రికి ఎండి రాయైంది. ఊపూ, గీతలూ, మరకా అన్నీ దాని పుణ్యమే.

"నేనే," అన్నాను. "ఆ చక్రం తిరిగితేనే గదా మనకు కూడు. అందుకని దానికే పెట్టినా."

గంగాళంలోంచి హంసను తీశారు. ముక్కు లేదు.

"పద వసంతా," అన్నాడు వాళ్ల నాయన. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఉండరా!" అంది అవ్వ. హంసను అటూ ఇటూ తిప్పి చూసింది. "కూడు పెట్టేదానికి బొట్టు పెట్టినాడు. పిల్లోడికి భక్తుండాది, బుద్ధే తక్కువ. బుద్ధి మన పిల్లకుండాదిలే. పిల్లనిస్తాం. అయితే ఒగటి, దాని ఇంట్లో వీడు మిక్సీ కూడా ముట్టుకోగూడదు. సరియా?"

"సరేమ్మా!" అని నాకంటే ముందు మా నాయన అరిచాడు.

ఆ సాయంత్రం ముక్కు లేని హంస ఎదుటే తాంబూలాలు మార్చుకున్నాం.

కనుక చదువరులారా, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ పెళ్లివారి ఎదుట ఏ మిషనూ ముట్టుకోను. ఇది వసంతకు చదివి వినిపించాను. "పెళ్లివారి ఎదుట" అన్న మాట కొట్టేయమంది. కొట్టేశాను.