బిచ్చయ్య పెంచిన కానుగలు

నాంపల్లి స్టేషన్ వెనక మా కొత్త బస్తీకి నీడ తెచ్చినవాడు బిచ్చయ్య. ఆ నీడ కోసం అతను చేసిన పని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే మా నాన్న పేరు కూడా వస్తుంది. రానీ.

బిచ్చయ్యది మెదక్ వైపు పల్లె. భార్య పోయాక, కరువుకు తట్టుకోలేక కూతురు పూలమ్మను వెంటబెట్టుకుని వచ్చి, 1933లో మా బస్తీకి నీళ్ల పైపులు వేసే కందకాల్లో కూలికి చేరాడు. పైపుల అతుకుల్లో జనుము దట్టించి, సీసం కరిగించి పోసి, ఉలితో బిగించడం నేర్చుకున్నాడు. ఏ అతుకు ఎక్కడుందో రోడ్డు మీద అడుగులు కొలిచి చెప్పగలిగేవాడు. ఆ పనికి ఓవర్‌సీరు మా నాన్న వామన్‌రావు.

నాన్న గీసిన నక్షాలో ఒకవైపు మంచినీళ్ల పైపు, దాని పక్కనే మురుగు పోయే మోరీ పైపు, రెండోవైపు కరెంటు తీగ ఉన్నాయి. చెట్ల సంగతి ఎవరికీ తట్టలేదు. అంతా పూడ్చి రోడ్డు వేశాక బస్తీ బోడిగా ఉందని పైవాళ్లకు తోచింది. చెట్లు పెట్టమన్నారు. నక్షా మళ్లీ గీయడానికి బద్ధకించి, నీళ్ల పైపుకూ మోరీకీ నడుమ ఉన్న మూరెడు జాగాలో పెట్టెయ్యమన్నాడు నాన్న. అప్పటికి మాలీగా కుదిరిన బిచ్చయ్య ఒక్కసారి అడ్డుచెప్పాడు.

"గీడ వద్దు సాబ్. చెట్ల ఏర్లకు తడి తెలుస్తది. ఇయ్యాల కాకుంటె పదేండ్లకు పైపుల మీదికి పోతయి."

పదేళ్ల సంగతి పదేళ్ల తర్వాత చూద్దామని నాన్న నవ్వేశాడట. తర్వాత ఆ వీధిలోనే ఇల్లు కట్టుకున్నాడు, మహానుభావుడు.

మొదటి ఎండాకాలం నీళ్ల బండి సరిగా రాలేదు. మొక్క ఎండితే మాలీ నౌకరీ పోతుందని దఫ్తరులో ముందే చెప్పారు. నౌకరీ పోతే తిరిగి వెళ్లడానికి పల్లెలో గుంట భూమి లేదు. ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగు కూడా కదలని వేళ, బిచ్చయ్య ప్రతి మొక్క దగ్గరా తవ్వి, పక్కనున్న మంచినీళ్ల పైపు అతుకులో సీసాన్ని ఉలితో కాస్త సడలించాడు. చెమ్మ ఊరేంత మాత్రమే. పదకొండు కానుగలూ నిగనిగలాడాయి. చూడవచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాన్న తీసుకున్నాడు.

1941 వేసవికి చెట్లు వీధంతా కమ్ముకున్నాయి. నల్లా పొద్దున గంట, సాయంత్రం గంట వచ్చేది. మా ఇంటి ముందు చెట్టు మొదట్లో మోరీ కంపు మొదలైంది. వేళ్లు మోరీని పగలగొట్టాయని బిచ్చయ్యకు అర్థమైంది. నల్లా ఆగినప్పుడు ఖాళీ అయిన పైపు, సడలిన అతుకుల్లోంచి బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. కందకాల్లో పనిచేసినవాడికి అది ఒకరు చెప్పక్కర్లేదు.

చెబితే చెట్లూ పోతాయి, నౌకరీ పోతుంది, జైలు కూడా కావచ్చు. చెప్పలేదు. పూలమ్మ మా ఇంట్లో పనిచేస్తూ వెనక గదిలో ఉండేది. రోజూ గన్‌ఫౌండ్రీలో ఒక తోట బావి నుంచి ఆమెకు మాత్రం బిందెడు నీళ్లు మోసుకొచ్చి, నల్లా నీళ్లు నీ ఒంటికి పడవని చెప్పేవాడు. మాకెందుకు చెప్పలేదని నాకు ఇప్పటికీ కోపమే. అయితే మా అమ్మ విద్యావతి మడి బిందెకు పూలమ్మ చెయ్యి తగలనిచ్చేది కాదు. పూలమ్మ నీళ్లు మా గడప దాటవని, కూతురి బిందె కూతురికే ఉంటుందని బిచ్చయ్య ధీమా.

వీధిలో మూడిళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగోది మా ఇల్లు. నాకప్పుడు ఆరేళ్లు. బావి నీళ్లు కాచి పట్టమన్నాడు డాక్టరు. అమ్మ మడి వదిలేసి, వెనక గదికి వెళ్లి పూలమ్మను బిందె అడిగింది. ఎవరికీ చెప్పొద్దంది. మూడు రోజులు ఆ నీళ్లు తాగి నేను లేచి కూర్చున్నాను. ఆ మూడు రోజులూ పూలమ్మ నల్లా నీళ్లే తాగింది.

నాలుగోనాడు ఆమెను దవాఖానకు మోసుకుపోయారు. ఆబిడ్స్‌లో మొక్కలకు పాదులు చేస్తున్న బిచ్చయ్య కబురు విని వచ్చాడు. అమ్మ వాకిట్లోనే బిందె సంగతి ఏడుస్తూ చెప్పింది. అతను దవాఖానకు పోలేదు. గడ్డపార తీసుకుని మా ఇంటి ముందు చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు. జనం మూగారు. గుంతలో, పగిలిన మోరీ నుంచి వచ్చిన వేళ్లు నీళ్ల పైపు అతుకులోకి దూరి ఉన్నాయి. ఇక్కడ అతుకు సడలిందని నీకెలా తెలుసని నాన్న అడిగాడు.

"నేనే సడలించిన సాబ్. ఏడేండ్లయింది. నల్లా బంద్ చేయించున్రి. ఎవ్వలు తాగకున్రి. నా బిడ్డ తాగింది."

చెట్లు అక్కడ పెట్టమన్నది తనేనని నాన్న ఆ రోజే కాదు, చనిపోయేదాకా ఒప్పుకోలేదు. బిచ్చయ్య రెండో చెట్టు దగ్గరికి నడిచాడు. దవాఖాన నుంచి ఇద్దరు వచ్చి నాన్న చెవిలో మాట చెప్పారు. పూలమ్మ పోయి గంటయింది. ఎవరు చెప్పాలో తేలక అందరూ అలాగే నిలబడ్డారు, మూడో అతుకు దాకా అతన్ని తవ్వనిచ్చారు.