లూప్ లైనులోకి ఎవరు వెళ్లాలి

మధ్యాహ్నం మూడింటికి మా పెద్దది ఓడ మీంచి ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. "అమ్మా, నాన్న ఉంటే ఏమనేవాడు?"

ఆయన పోయి నాలుగు నెలలు. ఆ మాట నేనూ రోజూ అడుగుతూనే ఉన్నాను. కూరలో ఉప్పు దగ్గరా, కారే కుళాయి దగ్గరా. ఇది అలాంటిది కాదు. మా అమ్మాయి సరుకుల ఓడలో ఇంజనీరు. ఆ ఓడ దాటాల్సిన ఇరుకు సముద్రంలో రెండు పెద్ద దేశాల యుద్ధ ఓడలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ముందుకు రావడం ఇష్టం లేనివాళ్లు ఇప్పుడు ఆగిన రేవులోనే దిగిపోవచ్చనీ, సంగతి రేపు పన్నెండులోగా చెప్పాలనీ కంపెనీవాళ్లు కాగితం ఇచ్చారట.

"సాయంత్రం చెప్తాను" అని పెట్టేశాను. ఆ తర్వాత కాలుగాలిన పిల్లినే. పొయ్యి ఆర్పానో లేదో మూడుసార్లు చూశాను. మడిచిన బట్టలు విప్పి మళ్లీ మడిచాను.

మా ఆయన రైల్వేలో కంట్రోలరు. రైలును కంటితో చూడకుండా ముప్పై ఏళ్లు రైళ్లు నడిపిన మనిషి. ఒక గది, ఒక బల్ల, బల్ల మీద గీతలు గీసిన పొడుగాటి కాగితం, చెవికి ఫోను. అంతే. ఒంటి లైను కాబట్టి ఎదురెదురు వచ్చే రెండు రైళ్లలో ఒకటి ఏదో ఒక స్టేషన్లో పక్క పట్టాల మీదికి తప్పుకుని ఆగాలి. ఆ పక్క పట్టాలే లూప్ లైను. ఎవరు తప్పుకోవాలో ఈయన చెప్పాలి. చెప్పగానే సరిపోదు, అవతల స్టేషన్ మాస్టరు ఆ మాటను పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. ఇంట్లోనూ అదే తంతు. పాలు రెండు, పెరుగు ఒకటి అని నేనంటే, పాలు రెండు, పెరుగు ఒకటి అని తాననకుండా గుమ్మం దాటేవారు కాదు. పిల్లలు చాటున పడీ పడీ నవ్వేవాళ్లు.

కొత్తలో ఒకసారి, మండే ఎండల్లో, ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు స్టేషన్ మాస్టర్లు ఆయనకు తగిలారు. రైలు పంపడానికి అవతలివాణ్ని ముందుగా లైను అడగడం చిన్నతనమని ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. అటొక రైలు, ఇటొక రైలు, రెండింటి నిండా చంటిపిల్లలతో జనం. రెండు గంటలు గడిచాయి. చివరికి ఈయన ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, "అవతలాయన పాపం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాడండీ" అని అబద్ధం ఆడారు. ఐదు నిమిషాల్లో ఒక రైలు లూప్ ఎక్కింది.

ఆ రోజు నుంచి ఆయనకు చరిత్ర పిచ్చి పట్టింది. పాత కాగితాల కొట్లోంచి పుస్తకాలు మోసుకొచ్చేవారు. నేను ఏడో తరగతితో ఆగినదాన్ని, చదివేదాన్ని కాదు. పప్పు ఏరుకుంటూ వినేదాన్ని.

"ఇదిగో, విన్నావా? పంతొమ్మిది వందల పద్నాలుగులో మొదటి పెద్ద యుద్ధం. రాజేమో సైన్యాన్ని ఒకవైపే పంపుదాం అన్నాడట. కుదరదు, రైళ్ల పట్టిక ఎప్పుడో వేసేశాం అన్నాడట సేనాపతి. టైం టేబులు రాజ్యాన్ని ఈడ్చుకుపోయిందే!"

"అరవై రెండులో చూడు. రెండు పెద్ద దేశాలు అణుబాంబుల దాకా వచ్చాయి. ఒకడు అందరి ముందూ తగ్గాడు, రెండోవాడు చాటుగా తగ్గాడు. తప్పుకున్నవాడి పరువు నిలబెడితేనే లైను ఖాళీ అవుతుంది."

ఎదురింటి టైలరన్నయ్యకు ఇవేవీ గిట్టవు. ఆయన మిషను తొక్కుతూనే వాదించేవాడు.

"బావా, నీ లూప్ లైను మంచివాళ్లకు చెప్పు. ముప్పై ఎనిమిదిలో ఒక రౌడీకి చిన్న దేశాన్ని ముక్క కోసి ఇచ్చారు. ఏమైంది? ఆర్నెల్లకే మిగతాదీ మింగాడు. చనువిస్తే చంకనెక్కాడు."

"నా లాగు పొట్టిగా కుట్టినవాడివి, నువ్వు నాకు చరిత్ర చెప్తావా?"

"కొలత తియ్యకుండా కోస్తే ఎవరి లాగైనా పొట్టే బావా. ఇది పద్నాలుగో ముప్పై ఎనిమిదో ముందు కొలత తియ్యి, తర్వాత కత్తెర పట్టు."

ఆ కొలత ఆయన ఒకసారి తప్పారు. రెండేళ్ల కిందట ఈ రెండు దేశాలే గుర్రుమన్నాయి. పద్నాలుగు వచ్చేసిందని ఆయన తేల్చేశారు. అప్పుడే పెద్దదానికి ఆ దారినే వెళ్లే ఓడలో మొదటి ఉద్యోగం వచ్చింది. ఈయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు, వెళ్లనివ్వలేదు. యుద్ధం రాలేదు. ఓడ మూడు నెలలకు క్షేమంగా తిరిగొచ్చింది. మరో ఓడ దొరికేదాకా అది పద్నాలుగు నెలలు మేడ మీద గదిలో కూర్చుంది, ఆయనతో మాట లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా నాకే చెప్పి వెళ్లింది.

ఇప్పుడు నేను దిగమంటే, అక్కడ ఏమీ జరక్కపోతే, దాని ఉద్యోగం మళ్లీ పోతుంది. నేనూ దానికి అయినదాన్ని కాకుండా పోతాను. దిగొద్దంటే, ఏమైనా జరిగితే? ఆ మాట పూర్తి చేయడానికి కూడా నాకు ధైర్యం లేదు.

సాయంత్రం టైలరన్నయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన మిషను ఆపాడు.

"నేనైతే దిగమంటాను చెల్లెమ్మా. కానీ నా మాట పట్టుకోకు. నాకు ప్రతివాడూ రౌడీలాగే కనిపిస్తాడు. బావకు ప్రతిదీ గుద్దుకోబోయే రైలే. ఇద్దరం మాకు నచ్చిన సంవత్సరం పట్టుకుని వేలాడాం."

"మరి నన్నేం చెయ్యమంటారు అన్నయ్యా?"

"అక్కడున్నది అది. దాన్నే అడుగు."

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. "నాన్న అయితే దిగమనేవారు. కానీ పోయినసారి తను చెప్పింది తప్పని ఆయనకు తెలుసు. నాతో అన్నారు."

అది ఓడ హోరుకు పైగా గొంతెత్తింది. "ఎప్పుడు?"

"నువ్వు మేడ మీద తలుపేసుకున్న రోజుల్లో."

"పన్నెండు మెట్లమ్మా. ఎక్కి వచ్చి చెప్పొచ్చుగా."

"ఊరందరికీ తప్పుకోమని చెప్పిన మనిషే. తన వంతు వచ్చేసరికి కాళ్లు రాలేదు."

అది ముక్కు చీదుకుంది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత అడిగాను. "ఆ యుద్ధ ఓడలవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారా?"

"మాటలా! రేడియోలో తిట్లు. దూరం పో అంటే నువ్వే పో అని. చిన్నపిల్లల్లా. మా కెప్టెన్ పగలబడి నవ్వేవాడు."

"నవ్వేవాడా? ఇప్పుడు?"

"మొన్నట్నుంచి ఒకళ్లు పిలుస్తుంటే రెండోవాళ్లు పలకడం లేదట."

ముప్పై ఏళ్లు కంట్రోలరు పక్కన కాపురం చేశాను. తిట్టే స్టేషన్ గురించి ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవారు. పలకని స్టేషన్ ఉన్న రోజు అన్నం ముందు కూర్చుని కూడా కలుపుకునేవారు కాదు.

"దిగిపో తల్లీ."

"మళ్లీ ఏమీ జరక్కపోతేనో?"

"నన్ను తిట్టు. మేడ మీద కూర్చో, నేను రోజూ పన్నెండు మెట్లూ ఎక్కి వస్తాను. దిగిపో."

మర్నాడు పదకొండింటికి, దిగిపోతానని సంతకం పెట్టానని చెప్పింది. గురువారం ఇంటికొస్తుంది. టైలరన్నయ్య గండం గడిచిందన్నాడు. నేనూ తలూపి, దాని మంచం మీద దుప్పటి మార్చాను.

దుప్పటి అంచులు దోపుతుంటే తట్టింది, ఇంజను ఇంజనీరు లేకుండా కదలదు కదా అని. ఫోన్ చేసి అడిగితే, ఆ రేవులోనే ఒకాయన్ని ఎక్కించుకున్నారని చెప్పింది. ఇద్దరు పిల్లలున్నాయనట. పేరు అడిగాను. హడావుడిలో కనుక్కోలేదంది.

ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. నా లేగను పక్కకు లాక్కున్నాను, ఆ చోటులోకి ఇంకొకరిది వచ్చి నిలబడింది. ఓడ నిన్న బయల్దేరింది. ఇరుకు దాటడానికి ఇంకా రెండు రోజులట. అమ్మాయి వచ్చేస్తోందిగా, ఇంక వార్తలెందుకని మా చిన్నమ్మాయి టీవీ కట్టేస్తుంటే, ఉంచమన్నాను.