వదినె ఎత్తిన ఎర్రగుడ్డ

మొన్న పొద్దున నారాయణఖేడ్ బస్టాండు ముందు చాయ్ తాగుతుంటే కొత్త ఫ్లెక్సీ ఒకటి కనబడింది. 'పాతకాలపు విలువిద్య పోటీలు' అని పెద్ద అక్షరాలు, పక్కనే ముఖ్య అతిథి బొమ్మ. నెత్తిన తలపాగా, భుజాన వెదురు విల్లు, మొహం నిండా నవ్వు. చాయ్ చేదయిందంటే అబద్ధమవుతుంది, చాయ్ బాగానే ఉంది. నేనే సగంలో ఆపేశాను. గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టేసరికి హోటలాయన "ఏందే, గ్లాసేం జేసింది నిన్ను?" అన్నాడు. ఆయనకు పైసలిచ్చి లేచాను. సంగతి ఇక్కడ చెబుతాను.

ఆ పోటీలు మొదట పెట్టింది మేమే. మా మేనమామకు చిన్నప్పటి నుంచి విల్లంటే పిచ్చి. పిల్లలు పెద్దవాళ్లయి చేతికి కాస్త తీరిక చిక్కాక మమ్మల్ని నలుగురిని పోగేసి క్లబ్బు పెట్టాడు. బోరంచ తొవ్వలో ఒక ఆసామి, కంది కోసిన తర్వాత తన చేను ఆదివారాలు వాడుకోమన్నాడు. గడ్డి కూరిన గోనెసంచులకే మేం గురి పెట్టేది, వాటి వెనుక ఎత్తుగా పోసిన నల్లమట్టి కట్ట. "పాత ఆటంటే పాతగనే ఆడాలె" అని మామ పట్టుదల. వెదురు విల్లు, నారతాడు తప్ప మరొకటి తేకూడదు. మగవాళ్లు ధోవతి, తలపాగా, ఆడవాళ్లు గోచీ పోసి చీర కట్టాలి. ప్యాంటుకు అలవాటుపడిన నా నడుము మీద ధోవతి నిలిచేది కాదు. ఒకసారి బాణం సంచి నడుమ దిగబడిన క్షణంలోనే ధోవతి నేల మీదికి దిగింది. వేషం లేనివాడికి పాయింట్లు ఇవ్వాలా వద్దా అని సాయంత్రం దాకా వాదులాడుకున్నారు. ఇవ్వలేదు.

నిలబడి బాణాలు వేసే గీత దగ్గర అధికారమంతా మా వదినెది. మా అన్న భార్య. నాగల్‌గిద్ద అవతలి పల్లె పిల్ల, పుట్టింట్లో కన్నడమే మాట్లాడతారు. జొన్నచేలో మంచె ఎక్కి చిలకలను తోలి తోలి తయారైన గొంతు ఆమెది. బాణాలు వేయడం అయిపోగానే ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఎత్తి "నిల్లు!" అని అరిచేది. ఆగమని కన్నడంలో. ఆ కేకకు ఒకసారి తొవ్వ మీద పోతున్న ట్రాక్టరు కూడా ఆగిందంటే నమ్మాలి. ఎర్రగుడ్డ పైనున్నంతసేపు విల్లులన్నీ నేల మీదే ఉండాలి, ఎందుకంటే అప్పుడు మనుషులు బాణాలు పీకడానికి సంచుల దగ్గరికి పోతారు. ఒకసారి మామే మరిచిపోయి విల్లు ముట్టుకున్నాడు. "లే మామా, పోయి గట్టు మీద కూసో" అంది వదినె. క్లబ్బు పెద్ద మనిషి పిల్లిలా పోయి కూర్చున్నాడు. ఆ రోజు ఆమెను మెచ్చుకున్నవాళ్లలో మామే మొదటివాడు.

మా క్లబ్బు పేరు నలుగురిలో పాకింది. ఒక ఏడు మామ ఒక నాయకుడిని పిలిచాడు. పొద్దున రావలసినవాడు ఎండ నెత్తికెక్కాక, వెనుక పది మందితో, ఫోటోలు తీసేవాడితో దిగాడు. అప్పుడు ఎర్రగుడ్డ పైనుంది. మా అన్న సంచి దగ్గర వంగి బాణాలు పీకుతున్నాడు. నాయకుడు నేల మీద విల్లొకటి తీసుకున్నాడు. అనుచరుడొకడు బాణం అందించాడు.

"నిల్లు! కిందవెట్టు! ఆడ మనిషున్నడు, కనవడ్తలేదా?" అంది వదినె.

"ఒక్క ఫోటోనే అమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అని నవ్వుతూ తాడు లాగాడు.

మామ అక్కడే ఉన్నాడు. చేతిలో పూలదండ. దాని ముడి సర్దుతూ నిలబడ్డాడు. వదినె ముందుకు దూకి విల్లు నడుమ పట్టి కిందికి వంచింది. ఆయన వేళ్లు జారాయి. బాణం ఇనుప ములికి ఆమె ఎడమ పాదంలో దిగింది. అయినా రెండో చేతిలోని ఎర్రగుడ్డ దించలేదు. నేను పోయి పట్టుకుంటే, పళ్లు బిగబట్టి, "మీ అన్న ఒచ్చిండా?" అని అడిగింది. అన్న గీత ఇవతలికి వచ్చాకే కర్ర వదిలి కూలబడింది. దవాఖానకు తీసుకుపోవడానికి మేం జీపు వెతుక్కుంటుంటే నాయకుడి జీపు మా ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పోయింది.

పాదంలో నరం తెగిందన్నాడు డాక్టరు. మర్నాడు మామ వచ్చాడు, పండ్లు తెచ్చాడు. "అందరి ముంగట పెద్దమనిషి చేతుల విల్లు గుంజుతివి. ఆయనకు ఇజ్జత్ ఉండదా? ఒక్కసారి మాఫ్ చెయ్యమను బిడ్డా. లేకుంటె ఆయనకు భయపడి ఆసామి చేను ఇయ్యనంటున్నడు" అన్నాడు.

వదినె పండ్లు పక్కకు జరిపింది. "సంచి కాడ ఉన్నది నీ మేనల్లుడు మామా" అంది. "బాణం ఆయనకు తగిలితె ఎవరిని మాఫ్ అడుగుతుంటివి?"

 మామ లేచి పోయి శాలువా ఒకటి కొన్నాడు. అది పట్టుకుపోయి, మా వదినె తరఫున తానే నాయకుడికి కప్పి వచ్చాడని వింటే, మామ ఇంటి ముందుకు పోయి, ఎవరు పంపితే కప్పావని వీధంతా వినేలా అడిగాను. తలుపు తీయలేదు. ఆయన తెచ్చిన పండ్లు మాత్రం వాకిట్లోనే పెట్టి వచ్చాను.

ఇప్పుడు అసలు పోటీలు వదినె పుట్టింటి చేలో జరుగుతాయి. ఫ్లెక్సీ ఉండదు, అతిథి ఉండడు, వచ్చేవాళ్లూ కొద్దిమందే. ఎక్కువసేపు నిలబడలేక వదినె స్టూలు మీద కూర్చుని అరుస్తుంది. గొంతు ఏమీ తగ్గలేదు. మామ ఆ పాత చేలో తన పోటీలు తాను పెట్టుకుంటున్నాడు. బస్టాండు ముందు ఫ్లెక్సీ వాటిదే, దాని మీద నవ్వుతున్నది ఆ నాయకుడే. పెళ్లిళ్లలో ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, "అయిందేదో అయిపాయె. ఎన్నేండ్లు మోస్తవుర?" అంటాడు. ఆ చెయ్యి తీసేసి వేరే వరుసలో కూర్చుంటాను. చలికాలం పొద్దున్నే వదినె గోడ పట్టుకుని, ఎడమ పాదం ఆనిచ్చి చూసుకుని, అప్పుడు గాని మంచం దిగదు. ఏళ్లు గడిచింది మామకే. ఆ పాదానికి ఇంకా ఆ ఆదివారం పొద్దు గుంకలేదు.