సప్పట్ల మంత్రం

ఇప్పుడు నన్ను చూస్తే మీరు బుద్ధిమంతుడనే అనుకుంటారు. పంచె, కండువా, నుదుట గంధం. కాశీబుగ్గలో బండెక్కితే సోంపేట దాకా ఎవరింట్లో శుభకార్యమున్నా చేయించి వచ్చే పురోహితుణ్ణి. కానీ నాలుగేళ్ళ కిందట, ఓ కొత్తింట్లో హోమగుండం ముందు కూర్చుని నేను వెలగబెట్టిన నిర్వాకం వింటే, రేపట్నుంచి మీ బండికి నిమ్మకాయ కట్టడానిక్కూడా నన్ను పిలవరు. పోనీ చెప్పకుండా ఊరుకుందామా అంటే, నా నోరు నా మాట వినదు. అసలు కథంతా దానివల్లే వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఒక పిచ్చి. పిచ్చి పేరు జపాను గాయని. ఫోన్లో ఏదో వెతుకుతుంటే కనబడింది. రిబ్బన్లు, బుట్టగౌను, స్టేజీ కింద రంగు లైట్లు ఊపుతూ వేలమంది జనం. ఆ పిల్ల పాడుతూ పాడుతూ ఒకచోట ఠక్కున ఆగుతుంది. ఆ ఖాళీలో అభిమానులంతా రెండు చప్పట్లు కొట్టాలి. అది వాళ్ళ ఆచారం. ఎవరూ చెప్పక్కర్లేదు, ఖాళీ వస్తే చేతులు వాటంతటవే లేస్తాయి.

పాట నచ్చింది సరే, నేర్చుకోవడం ఎలా? నాకొచ్చిన పద్ధతి ఒక్కటే, సంథ. అంటే నాన్న ఒకసారి మంత్రం చెబితే, నేను రెండుసార్లు తిరిగి చెప్పాలి. ఆ పిల్ల పాటనీ అలాగే పట్టాను. ఒక ముక్క వినడం, ఫోను ఆపడం, కళ్ళు మూసుకుని రెండుసార్లు అప్పజెప్పడం. రాగం నా గొంతుకి రాదు కాబట్టి వేదానికి పెట్టే ఎత్తుపల్లాలే దానికీ పెట్టుకున్నాను. తలుపవతల మా అమ్మ విని, పిల్లాడికి చదువు మీద శ్రద్ధ కుదిరిందని వీధంతా చెప్పుకుంది.

ఇలా ఉండగా నాన్న స్నానాలగదిలో జారి కాలు బెణికించుకున్నాడు. మర్నాడు ఉద్దానంలో నీలమ్మగారి గృహప్రవేశం. నన్నే వెళ్ళమన్నాడు. ఒంటరిగా చేయించడం అదే మొదలు.

నీలమ్మగారి గురించి చెప్పాలి. అరవై ఏళ్ళ మనిషి, భర్త లేడు. తుపానులో ఆవిడ పెంకుటింటి పైకప్పు ఎగిరిపోయింది, కొబ్బరిచెట్లన్నీ కూలిపోయాయి. మనవరాలితో ఏళ్ళతరబడి రేకుల షెడ్డులో ఉండి, మిగిలిన జీడితోట మీద వచ్చిందంతా కూడబెట్టి ఇల్లు కట్టుకుంది. నేను బండి దిగీ దిగకముందే నా రెండు చేతులూ పట్టుకుంది.

"బాబూ, సిన్నోడివని సెప్తన్నాననుకోకు. ఒక్క మంతరం కూడా ఒగ్గీవద్దు. గాలేత్తే నాకు రాత్రుళ్ళు నిద్దర రాదు. ఈ ఇంట్లోనైనా పడుకోవాల."

ఒక్కటి కూడా వదలనని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. దారి పొడుగునా బండి మీద నేను ఏం వల్లెవేసుకుంటూ వచ్చానో ఆవిడకి తెలీదు కదా.

గణపతి పూజ అయింది, పుణ్యాహవాచనం అయింది, వాస్తు హోమం మొదలైంది. ఊరి రిటైర్డు తెలుగు మాస్టారు ముందువరసలో కుర్చీ వేయించుకుని, ప్రతి మంత్రానికీ తలూపుతున్నారు. మనవరాలు సోంపేటలో ఇంటర్ చదువుతున్న పిల్ల, ఫోనుతో వీడియో తీస్తోంది. నా గొంతు లేచింది. నాన్న కంటే నేనే బాగా చెబుతున్నానేమో అని కూడా అనిపించింది. పోయేకాలం అలాగే వస్తుంది.

నెయ్యి వేసేసరికి పొగ కళ్ళలో కొట్టింది. కళ్ళు మూసుకున్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు నేను పొగ మీద పెట్టడం లేదు, తప్పు నాదే. కళ్ళు మూసుకుని ఆ ఎత్తుపల్లాల్లో చెప్పడం నెలరోజులుగా నాకు ఒక్క పాటకే అలవాటు. మంత్రం ఒక మలుపు తిరిగింది, నేను ఇంకో దారిన పోయాను. నాలుగు ముక్కలు అయ్యాక నా చెవికి నా గొంతే వినబడింది. నేను జపాను భాషలో ఉన్నాను.

ఆగితే వచ్చిన ముప్పై మందికీ తెలిసిపోతుంది. వెనక్కి వెళ్దామంటే మంత్రం ఎక్కడ వదిలానో గుర్తులేదు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టని సామెత. గోదారి ఎందుకు, మా వంశధార చాలు. పట్టిన తోక వదలకుండా ఈదేశాను. ఒక కన్ను తెరిచి చూస్తే మాస్టారు ఇంకా తలూపుతూనే ఉన్నారు. నీలమ్మగారు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆవిణ్ణి చూడగానే తెరిచిన కన్ను మళ్ళీ మూసేశాను.

ఇంతలో పాటలో ఆ ఖాళీ వచ్చింది. నేను ఊపిరి తీసుకున్నాను.

ఠప్, ఠప్.

మనవరాలు. ఫోను చంకలో పెట్టి మరీ కొట్టింది. కొట్టాక తనే బిత్తరపోయి నన్ను చూసింది. తనకీ అదే పిచ్చి! ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం, నా నోరు మాత్రం ఆగలేదు. రెండో ఖాళీ వచ్చేసరికి ఇది కూడా హోమంలో భాగమే కాబోలనుకుని ముప్పై మందీ చప్పట్లు కొట్టారు. మాస్టారు అందరికంటే గట్టిగా కొట్టారు. పాట పూర్తిచేసి, గబగబా పూర్ణాహుతి కానిచ్చి లేచాను.

మాస్టారు దగ్గరకొచ్చి, ఈ భాగం తాను ఎక్కడా వినలేదనీ, ఇది ఏ శాఖలోదనీ అడిగారు. తూర్పు శాఖ అన్నాను. ఆయన, అందుకే ఆ గాంభీర్యం అని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

జనం భోజనాలకి లేచాక మనవరాలు నూతి దగ్గర నన్ను పట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. రెండో చరణం బదులు మొదటిదే రెండుసార్లు చెప్పానని నిలదీసింది. మామ్మకి మాత్రం చెప్పనంది. ఫోన్లో వీడియో కూడా చెరిపేస్తానంది. అంటే తప్పించుకున్నట్టే. చెప్పులేసుకుని పోవచ్చు.

అప్పుడు నీలమ్మగారు స్వయంపాకం తెచ్చింది. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, కొబ్బరికాయలు, అన్నీ సంచిలో సర్ది నా ముందు పెట్టింది.

"బాబూ, ఆ సప్పట్ల మంతరం సదివినప్పుడు నా గుండెల్లో బరువు దిగిపోనాది. ఈ రాత్రి పడుకుంటాను," అంది.

ఆ సంచి నాకు ఎత్తబుద్ధి కాలేదు. ఈవిడ ఏళ్ళతరబడి పడుకోలేదు, నా మాట నమ్మి ఇవాళ పడుకుంటానంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే కూలబడి మొత్తం చెప్పేశాను. మంత్రం సగంలో పోయిందనీ, చప్పట్లది పాటనీ, జపానుదనీ.

ఆవిడ లోపలికెళ్ళి హోమగుండంలో బూడిద కదిపి చూసి వచ్చింది. తిడితే బాగుండును. మనవరాలు నేల చూస్తూ నిలబడింది. చివరికి నీలమ్మగారు అడిగింది.

"అసలు మంతరం వచ్చా, రాదా?"

"వచ్చండి."

"అయితే కూకో. నిప్పు ఇంకా ఆరలేదు."

కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా పీటేసుకుని నా నోరు చూస్తూ కూర్చుంది. నేను జపాను దారి పడితే చెయ్యెత్తమని మనవరాలిని పక్కన కాపలా పెట్టింది. పరీక్షలు చాలా రాశాను గానీ అంత భయపడి దేనికీ కూర్చోలేదు. కళ్ళు మండిపోతున్నా మూయలేదు. ఆ మలుపు దగ్గర మనవరాలి చెయ్యి సగం లేచింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, మంత్రం వెంటే వెళ్ళాను. చెయ్యి దిగింది. చివరిదాకా చెప్పి, దణ్ణం పెట్టి, చెమట తుడుచుకుని లేవబోయాను.

"ఉండు. ఇప్పుడు అది కూడా సదువు," అంది నీలమ్మగారు.

ఏదండీ అన్నాను, తెలిసే.

"సప్పట్లది. ఆ దేశం ఏ పక్కనుందన్నావు?"

"తూర్పునండి. సముద్రం అవతల."

"తుపానూ అట్నుంచే కదా వచ్చింది. దానికి మన మంతరాలు తెలుస్తాయో లేదో. దాని బాసలో కూడా ఓపాలి సెప్పేత్తే నిమ్మళంగా ఉంటాది."

చెప్పాను. ఈసారి రెండో చరణంతో సహా. ఖాళీలు వచ్చినచోటల్లా మామ్మా మనవరాలూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత రెండు తుపాన్లు వచ్చాయి. నీలమ్మగారి కిటికీ రెక్క కూడా కదల్లేదు. అంతా ఆ చప్పట్ల మంత్రం మహిమేనన్నారు జనం. అది సిమెంటు స్లాబు, ఎందుకు కదుల్తుందని నేను ఊరంతా తిరిగి మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. అందుకని ఆ అగ్నిసాక్షిగా, మా నాన్న బెణికిన కాలిసాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో హోమగుండం ముందు పొరపాటున కూడా ఆ పాట నా నోట రానివ్వను. రావలసి వస్తే తెలిసే రానిస్తాను, ఎందుకంటే వచ్చే మాఘంలో ఉద్దానంలో మూడు గృహప్రవేశాలున్నాయి, ముగ్గురూ ముందే చెప్పారు, తుపాను మంత్రం చదవకపోతే వేరే పంతుల్ని చూసుకుంటామని.