లోనప్పన్‌కి రాని బీపీ

లోనప్పన్ అసూయపడితే త్రిశూర్‌లో ఓ చర్చి గంట పగిలింది. మరీ పగల్లేదనుకోండి, గొంతు బొంగురుపోయింది. దానికి తెచ్చినప్పుడే బీట ఉందని గంట కొట్టేవాడు ఒట్టు పెడతాడు. అయినా పక్క పేట చర్చికి కొత్త గంట వచ్చిందని లోనప్పన్ దాని కింద నిలబడి గుడ్లప్పగించి చూసిన మాట మాత్రం నిజం.

ఆ అసూయలో సింహభాగం గోడ అవతలి ఇట్టూప్‌కి దక్కేది. ఇట్టూప్ పెరట్లో పనస కాస్తే లోనప్పన్ తన చెట్టుకు చీవాట్లు పెట్టేవాడు. ఇట్టూప్ ఒక పన్ను పీకించుకుంటే తను రెండు పీకించుకొచ్చాడు.

అలాంటిది, ఇట్టూప్‌కి బీపీ వచ్చింది. డాక్టరమ్మ రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకోమంది. మర్నాడే లోనప్పన్ వెళ్లి ఆవిడ ముందు చెయ్యి చాపాడు.

"మీకేం లేదు, గుండ్రాయిలా ఉన్నారు."

"సరిగ్గా చూడండమ్మా! ఇట్టూప్‌కి ఉన్నది నాకెందుకుండదు?"

ఆ పూట అతను గంజి కూడా ముట్టలేదు.

అప్పటినుంచి ఇట్టూప్ పొద్దున ఫలహారానికి బియ్యప్పిండి పుట్టు తినే వేళకు లోనప్పన్ వంటింటి గుమ్మంలో ఊడిపడేవాడు.

"మింగావా?"

"మింగుతున్నా. చూసి ఏడు."

"నోరు తెరు. నాలుకెత్తు. ఆహా, పెట్టి పుట్టావురా! ఒకటి నాకివ్వరాదూ?"

"నా పేర రాసింది నీకెందుకిస్తా?"

ఇట్టూప్ మాత్రను చూపించి, ఊరించి, మరీ మింగేవాడు. ఆ సుఖం ముందు ఉప్పు తగ్గించిన చేపల పులుసు ఒక లెక్కా?

ఇంతలో చర్చి పండగ దగ్గరపడింది. ఊరేగింపులో ఏటా వెండి శిలువ మోసేది ఇట్టూపే. అంతకుముందు వాళ్ల నాన్న మోశాడు. ఎండలో, బ్యాండు మేళంతో, పేట పేటంతా చూస్తుండగా మొయ్యాలి. సరిగ్గా అప్పుడే లోనప్పన్ కూతురింటికి వెళ్లాడు. చూసి కుళ్లేవాడు లేకపోతే మాత్రలో రుచేముంది? పైగా చుట్టాలొచ్చారు, కల్లు కుండలు దిగాయి. కల్లూ మాత్రా కలవకూడదని ఎవరో అనగా విని, ఇట్టూప్ బుద్ధిగా మాత్ర మానేశాడు.

"మానాల్సింది కల్లు!" అంది భార్య కొచ్చుత్రేసియ.

"పండక్కి కల్లు మానేవాడు మనిషేనా? అయినా ఒళ్లు తేలిగ్గా ఉంది. రోగం పోయిందే!"

పండగ ఇంకో వారం ఉందనగా లోనప్పన్ నున్నగా గడ్డం గీసుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మాత్ర మానేశావటగా! హమ్మయ్య. ఫాదర్‌తో మాట్లాడి వస్తున్నా. ఈ ఏడు శిలువ నాది. నువ్వెలాగూ సగం దారిలో దబ్బున పడతావు."

"నా శిలువ నీకా!" ఇట్టూప్ మొహం జేవురించింది. మాత్రల షీటు అందుకుని, మానేసినవాటికి కూడా కలిపి మింగేద్దామని గుప్పెడు నొక్కాడు.

లోనప్పన్ ఆ గుప్పిట విప్పి అన్నీ లాగేసుకున్నాడు. "నాకు ఒక్కటీ లేకుండా వీడు గుప్పెడు మింగుతాడట! మానేసినవి పోయినట్టే. పద, డాక్టరమ్మ దగ్గరికి. నీకెంతుందో నేనూ చూసి కుళ్లాలి."

డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చూసింది. "ఇలాగే ఎండలోకి వెళ్లి ఉంటే మీరు శిలువ మొయ్యరు, నలుగురూ కలిసి మిమ్మల్నే మోస్తారు. తేలిగ్గా ఉందని మానెయ్యడం, మానేశామని కలిపి మింగడం, రెండూ ముప్పే. రోజూ ఒక్కటే మాత్ర. కల్లు బంద్. బీపీ దిగితేనే శిలువ."

పంతం కొద్దీ ఇట్టూప్ కల్లు వైపు కన్నెత్తలేదు. పండగనాటికి బీపీ దిగింది. అయినా బెరుగ్గానే ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

"శిలువ లోనప్పన్‌కి ఇచ్చేశారా ఫాదర్?"

"లోనప్పన్‌కా? వాడు అడిగితేగా! మీ ఆవిడ ఫోన్ చేసిందని కూతురింటి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. నువ్వు కోలుకునేదాకా మరెవరికీ మాటివ్వొద్దని నా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు."

ఊరేగింపు కదిలింది. శిలువ మోస్తున్న ఇట్టూప్, పక్కనే నడుస్తున్న లోనప్పన్‌ని మోచేత్తో పొడిచాడు.

"ఫాదర్ అంతా చెప్పేశార్రా."

"అంతా అబద్ధం! మీ ఆవిడ నాకు ఫోనే చెయ్యలేదు. నేను ఫాదర్‌ని కలవనే లేదు. అసలు మా అమ్మాయి ఊరినుంచి నేను తిరిగే రాలేదు."

"మరి నా పక్కన నడుస్తున్నదెవడ్రా?"

"ఎవడో! నన్నడుగుతావేం?" అన్నాడు లోనప్పన్.