తలుపు వైపు తిప్పిన పంపు

మా మామగారు చిక్కపేటలో చీరల అంగడి నడిపిన మనిషి. అంగట్లో టేబుల్ ఫ్యాను గాలిని కూడా వీధి వైపు పోనిచ్చేవారు కాదు, లక్ష్మి బయటికి పోతుందని. అంగడి మూసేసి సర్జాపుర దగ్గర మా ఫ్లాటుకి వచ్చాక, ఆ పట్టింపంతా హాల్లో ఉన్న అక్వేరియం మీద పడింది.

అది చిన్నా చితకా తొట్టి కాదు, మా సోఫా అంత పొడవు. కుడి చివర వీధి తలుపు, ఎడమ చివర వంటిల్లు. ఫిల్టరునీ, నీళ్ళను తోసే పంపునీ రెండింటినీ తలుపు పక్కనే బిగించి, మూతులు వంటింటి వైపు పెట్టించారు. నీళ్ళు ఇంట్లోకే పారాలట. పాపం ఆ నీళ్ళేమో మధ్యలో ఆయనే ముచ్చటపడి పేర్పించిన నల్లరాళ్ళ గుట్టకు కొట్టుకుని వెనక్కి తిరిగేవి. వంటింటి వైపు సగం మాత్రం కదలకుండా పడి ఉండేది. పైన జిడ్డు పొర, అడుగున చెత్త.

మామగారి ముద్దుల గోల్డ్‌ఫిష్ ఉండేది సరిగ్గా ఆ సగంలోనే. అత్తగారు పోయాక ఆయన పొద్దుటి కాఫీ దాని ఎదురుగా కూర్చుని తాగేవారు. అలాంటిది, ఒక ఆదివారం పొద్దున చూస్తే అది గాలి అందక నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తోంది. మామగారి చేతిలో కాఫీ చల్లారిపోయింది. నాకు భయం వేసింది, చేప గురించి కంటే ఆయన గురించి.

"మామా, పంపును ఈ పక్కకు మార్చి తలుపు వైపు తిప్పుదాం. అప్పుడే నీళ్ళు తొట్టి అంతా తిరుగుతాయి."

"వద్దమ్మా. ఇంట్లో నీళ్ళు తలుపు దిక్కు పోగూడదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "లక్ష్మిని ఇంట్లో పెట్టుకోవడానికి దీన్ని చంపుకుంటామా?" అనేశాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను. ఆయన చేప వంక చూశారు.

"తిప్పు," అని కళ్ళు మూసుకున్నారు.

స్విచ్చులన్నీ ఆపి, మోచేయి దాకా చెయ్యి ముంచి పంపును పీకాను. వంటింటి వైపు అద్దానికి అంటించి, మూతి తలుపు వైపు, కొంచెం పైకి ఉండేలా తిప్పాను. స్విచ్చు వేయగానే జిడ్డు పొర ముక్కలైంది, నీళ్ళ మీద అలలు లేచాయి. దారి తెలియడానికి చిటికెడు మేత చల్లాను. ఆ నలుసులు రాళ్ళ మీదుగా తలుపు వైపు పరుగెత్తాయి, చివరి అద్దానికి తగిలి కిందికి దిగాయి, అడుగున రాళ్ళ పక్కనుంచి మెల్లగా వంటింటి వైపు వచ్చేశాయి.

మామగారు ఎప్పుడు కళ్ళు తెరిచారో, ముక్కు అద్దానికి ఆనించి ఉన్నారు. "చూడమ్మా! తలుపు దాకా పోయి మళ్ళీ ఇంట్లోకే వస్తాండాది గదా!" అన్నారు, అదేదో తనే కనిపెట్టినట్టు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

సాయంత్రానికి చేప కిందికి దిగి, రాళ్ళ సందులో మేత ఏరుకోవడం మొదలుపెట్టింది. సంతోషంతో నేను కేసరి చేశాను.

మర్నాడు పొద్దున వంటింట్లో ఉండగా మామగారి గొంతు వినపడి హాల్లోకి తొంగి చూశాను. వేడి కాఫీ చేత్తో పట్టుకుని చేపతో మాట్లాడుతున్నారు.

"ఏమప్పా, ఒకతూరి తలుపు దాకా పోయి రాపో. నేనీడనే ఉంటా."